మామోగ్రామ్ బిల్లు: డబ్బు కట్టే ముందు ఏం చూడాలి?

గాజువాకలో ఓ ఇంట్లో అమ్మీకి రొమ్ములో గడ్డ తగిలిందనుకుందాం. సిగ్గుపడి డాక్టర్ దగ్గర 'ఊరికే చెకప్‌కి వచ్చా' అంటుంది. చీటీలో 'స్క్రీనింగ్' అని పడుతుంది. తర్వాత ఆపరేషన్ దాకా వెళ్తే, ఆ టెస్టు డబ్బు క్లెయిమ్ చేసేటప్పుడు ఈ ఒక్క మాటే అడ్డం రావచ్చు.

ఏ లక్షణమూ లేకుండా ముందుజాగ్రత్తగా తీసేది స్క్రీనింగ్ మామోగ్రామ్. గడ్డ, చనుమొన నుంచి స్రావం లాంటివి ఉంటే తీసేది డయాగ్నస్టిక్. క్లెయిమ్ ఫారంలో ఆస్పత్రి జబ్బు పేరుతో పాటు ఐసీడీ-10 కోడ్ కూడా రాస్తుంది. స్క్రీనింగ్‌కు జెడ్12.3, గడ్డకు ఎన్63, రొమ్ము క్యాన్సర్‌కు సి50. లేని గడ్డ రాయించుకోవడం మోసం. ఉన్న గడ్డ దాచుకోవడం నష్టం, డబ్బుకే కాదు, ప్రాణానికీ.

రెండో బిల్లు ఎందుకు?

రిపోర్టు చివర 'బైరాడ్స్' అని 0 నుంచి 6 వరకు ఒక అంకె ఉంటుంది. 0 అంటే అంతా బాగుందని కాదు. ఇంకా ఫిల్మ్‌లో, అల్ట్రాసౌండో కావాలని. అందుకే మళ్లీ పిలుస్తారు, మళ్లీ బిల్లు వేస్తారు. 4 లేదా 5 వస్తే బయాప్సీ ఆలస్యం చేయొద్దు.

ఇన్సూరెన్స్ ఎప్పుడు ఇస్తుంది?

మామూలు పాలసీలు బయట చేయించుకున్న టెస్టుకు విడిగా డబ్బివ్వవు. అదే జబ్బుకు ఆస్పత్రిలో చేరితే, ముందు చేసిన టెస్టులకు ఇస్తాయి. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో చేరికకు ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు వస్తుంది. టెస్టు కోసమే బెడ్ ఎక్కితే మాత్రం క్లెయిమ్ రాదు.

కాబట్టి డాక్టర్ చీటీ, ఒక్కో టెస్టు పేరు విడిగా ఉన్న బిల్లు, రసీదు, రిపోర్టు అన్నీ దాచుకోవాలి. 'హెల్త్ ప్యాకేజీ' అని ఒకే లైనుతో ఇస్తే, విడదీసి ఇమ్మని అడగాలి.

రేషన్ కార్డున్నవాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ ఆస్పత్రిలో ముందే ఆరోగ్యమిత్రను కలిసి, టెస్టు ఖర్చు పథకంలో వస్తుందో లేదో కనుక్కోవాలి. కేజీహెచ్, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి కూడా ఉన్నాయి. స్టీల్ ప్లాంట్, పోర్టు ఉద్యోగుల కుటుంబాలు ముందు తమ ఆస్పత్రి నుంచి రిఫరల్ లెటర్ తీసుకోవాలి.

పర్దా గురించి వెనకాడేవాళ్లు టైమ్ తీసుకునేటప్పుడే లేడీ టెక్నీషియన్ కావాలని అడగొచ్చు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.