గ్రహం ముచ్చట సరే, ముందుగాల చుక్కను సదవాలె

2009 ఆగస్టుల ఆస్ట్రేలియా నుంచి ఒక ఉత్తరం పోయింది. కాగితం ఉత్తరం కాదు, రేడియో తరంగాల మీద పోయిన ఉత్తరం. 'హలో ఫ్రం ఎర్త్' అని పేరు పెట్టి జనాన్ని అడిగితే సుమారు 26 వేల మెసేజ్‌లు జమైనయి. అన్నిటిని మూటగట్టి కాన్‌బెర్రా దగ్గరున్న పెద్ద డిష్ నుంచి ఆకాశంలకు ఇడిసిండ్రు. ఎవలకు అంటే, తుల రాశి దిక్కు ఇరవై కాంతి సంవత్సరాల దూరంల గ్లీజ 581 అనే ఎర్రటి చిన్న చుక్క ఉన్నది, దాని చుట్టు తిరిగే 'డి' అనే గ్రహానికి. ఆ గ్రహం మీద నీళ్లు గడ్డకట్టకుండ, ఆవిరి గాకుండ ఉండొచ్చని అప్పట్ల లెక్క గట్టిండ్రు. నీళ్లుంటే జీవం కూడా ఉండొచ్చు గదా అని ఆశ.

ఆ ఉత్తరం ఇంకా తొవ్వలనే ఉన్నది. 2030 ప్రాంతంల చేరుతది. కాని అది చేరేసరికి అందుకునేటందుకు ఎవలూ ఉండరు. ఎవలూ ఉండుడు కాదు, అసలు ఆ గ్రహమే లేదు. వాడ ఉన్నది, వాడల మూడు ఇండ్లు కూడా ఉన్నయి. ఉత్తరం మీద రాసిన ఇల్లే లేదు.

ఇంత పెద్ద పొరపాటు ఎట్లయింది? తప్పు గ్రహం కాడ కాదు, చుక్క కాడ అయింది. ఇయ్యాల మన ఫోన్లల్ల రోజూ కనవడే 'ఇంకో భూమి దొరికింది', 'ఏలియన్ల జాడ దొరికింది' అనే వీడియోలను ఎంత నమ్మాలె, ఎంత నమ్మొద్దు అనేది తెల్వాలంటే ఈ కథ ఎరుకుండాలె.

చుక్క ఎలుగుల ఏమున్నది?

దూరపు చుక్కల చుట్టు తిరిగే గ్రహాలను మనం దాదాపు ఎన్నడూ నేరుగ చూడలే. చాలామట్టుకు మనకు దొరికేది చుక్క ఎలుగు ఒక్కటే. ఆ ఎలుగును రంగురంగులుగ ఇడదీసి చూసుడే అసలు పని. వానాకాలం సింగిడిల సూర్యుని ఎలుగు ఎట్ల ఇడిపోతదో అట్లనే, కాకపోతే మస్తు సన్నగ. బడి పుస్తకంల దీన్ని వర్ణపటం అంటరు.

పాత సీడీ ఒకటి దొరికితే మీరే చూడొచ్చు. సీడీని కొంచెం వంచి పట్టి ట్యూబ్‌లైట్ ఎలుగు దాని మీద పడనియ్యిండ్రి, తర్వాత పాతకాలపు గుండు బల్బు ఎలుగు పడనియ్యిండ్రి. గుండు బల్బుకు రంగులన్నీ ఒకదాంట్లకు ఒకటి కలిసిపోయి కనవడ్తయి. ట్యూబ్‌లైట్‌కు కొన్ని రంగులు ఇడిగ, గట్టిగ కనవడ్తయి. అందుల ఉన్న పాదరసం వేసిన సంతకం అది. సూర్యుని దిక్కు మాత్రం సీడీ పట్టొద్దు, కండ్లు ఖరాబైతయి.

సూర్యుని రంగుల పట్టీల సన్నసన్న నల్ల గీతలు ఉంటయని 1814ల జర్మనీల ఫ్రాన్‌హోఫర్ చూసి, ఐదు వందలకు పైగ గీతలను లెక్కబెట్టిండు. ఒక్కో మూలకానికి తనవే అయిన గీతలుంటయి. సోడియంకు దానివి, ఇనుముకు దానివి. అంటే గీతను చదివితే అక్కడికి పోకుండనే అక్కడ ఏమున్నదో చెప్పొచ్చు.

ఈ సదువుల మన తెలుగు నేలకు కూడా పాలున్నది. 1868 ఆగస్టు 18 నాడు సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చి, సూర్యుని అంచుల లేచే మంటల వర్ణపటం చూసిండు. ఆ ఏడాది చూసిన గీతలల్ల పసుపు రంగు గీత ఒకటి భూమ్మీద ఎరుకున్న ఏ మూలకానికీ కుదరలే. దాని కొత్త మూలకానికి సూర్యుని గ్రీకు పేరు మీద హీలియం అన్నరు. భూమ్మీద అది దొరికింది 1895ల. ఇంట్ల దొరకకముందే ఆకాశంల దొరికిందన్నట్టు.

గీత జరిగితే గ్రహం దొరికినట్టేనా?

గ్రహం చుక్క చుట్టు తిరుగుతుంటే, గ్రహం కూడా చుక్కను కొంచెం గుంజుతది. చుక్క ఉన్నకాడనే చిన్నగ ఊగుతది. మన దిక్కు వచ్చినప్పుడు దాని గీతలు నీలం దిక్కు జరుగుతయి, దూరం పోయినప్పుడు ఎరుపు దిక్కు జరుగుతయి. రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత సన్నగ, దాటిపోయినంక బొంగురుగ ఇనవడ్తది సూడు, ఎలుగుకు కూడా అదే లెక్క. 1995ల మేయర్, కెలో అనే ఇద్దరు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 51 పెగాసి అనే చుక్క గీతలు 4.2 రోజులకోపారి ముందుకు ఎన్కకు జరుగుడు చూసి, దాని గ్రహాన్ని పట్టిండ్రు. 2019ల నోబెల్ వచ్చింది.

ఆ చుక్క సెకనుకు యాభై మీటర్లకు పైనే ఊగుతది. గ్లీజ 581డి అనుకున్నదాని ఊపు సెకనుకు రెండు మీటర్ల చుట్టుపక్కలనే. అంటే మనిషి జర జోరుగ నడిచినంత. నూరు లక్షల కోట్ల కిలోమీటర్లకు ఎక్కువ దూరంల ఉన్న చుక్క నడక ఏగాన్ని కొలుస్తున్నరు. గింత సన్నటి లెక్కల చుక్కనే మోసం చేస్తే ఎట్ల?

బతుకమ్మ ఆట మతికి తెచ్చుకోండ్రి. మీరు దూరంగ నిలవడ్డరు. ఆడోళ్లు గుండ్రంగ తిరుగుతున్నరు. ఒక పక్కోళ్లు మీ దిక్కు వస్తుంటరు, ఇంకో పక్కోళ్లు దూరం పోతుంటరు. గుంపు మాత్రం ఉన్నకాడనే ఉన్నది. ఇప్పుడు మీరు కండ్లు మూసుకొని పాట ఒక్కటే ఇంటున్నరనుకోండ్రి. మీ దిక్కు వచ్చే పక్కన పది మంది పాడుడు ఆపితే, దూరం పోయేటోళ్ల గొంతులే ఎక్కువ ఇనవడ్తయి. గుంపంత దూరం పోతున్నదని మీకు అనిపిస్తది.

చుక్క కూడా తనల తను తిరుగుతది. దాని మీద నల్లమచ్చలుంటయి. మచ్చ ఉన్న పక్క ఎలుగు తగ్గుతది, గీత వంకర పోతది. మనకు చుక్క ఊగినట్టే కనవడ్తది. మచ్చ తిరిగి తిరిగి వస్తది గాబట్టి ఆ ఊపు కూడా గ్రహం లెక్క పద్ధతిగ తిరిగి తిరిగి వస్తది.

2014ల అమెరికాల పెన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన పాల్ రాబర్ట్‌సన్, సువ్రత్ మహదేవన్, వాళ్ల తోటోళ్లు పాత కొలతలనే మల్లొకపారి ముందటేసుకున్నరు. ఈపారి గ్రహాన్ని కాదు, చుక్కను చూసిండ్రు. దాని ఎలుగుల హైడ్రోజన్ వేసే ఎర్ర గీత ఒకటున్నది. చుక్క మీద అయస్కాంత అలజడి పెరిగినా తగ్గినా ఆ గీత మారుతది. ఆ గీతను పట్టుకొని చూస్తే చుక్క ఒక చుట్టు తిరగనీకి 130 రోజులు పడ్తున్నది. 'డి' గ్రహం ఒక చుట్టు తిరిగేది ఎన్ని రోజులకు? 66. దాదాపు సరిగ్గ సగం. చుక్క అలజడిని లెక్కలకెల్లి తీసేస్తే 'డి' ఊపు మాయమైంది. అదే లెక్కల మిగిలిన మూడు గ్రహాల ఊపు ఇంకా గట్టిగ నిలవడ్డది. కొందరు ఒప్పుకోలే, వాదం నడిచింది. తర్వాత ఎక్కువ కొలతలతోటి చూసినోళ్లకు కూడా మూడే తేలినయి.

నీళ్లు గ్రహం మీదనా, చుక్క మీదనా?

ఇప్పుడు పని ఇంకో మెట్టు ఎక్కింది. గ్రహం చుక్క ముందర నుంచి దాటినప్పుడు, గ్రహం గాలిపొరలకెల్లి కొంత ఎలుగు వడపోసుకొని మన దాక వస్తది. ఆ గాలిల నీటి ఆవిరి ఉంటే దాని గీతలు ఆ ఎలుగుల పడ్తయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఈ పనే చేస్తున్నది. దాటకముందు ఎలుగు, దాటేటప్పుడు ఎలుగు కొలిచి తేడా తీస్తది.

తేడా ఎంత? ట్రాపిస్ట్-1 అనే చుక్కను తీస్కోండ్రి. కుంభ రాశి దిక్కు 40 కాంతి సంవత్సరాల దూరంల ఉన్నది, ఏడు గ్రహాలున్నయి. భూమంత గ్రహం అడ్డమొస్తే దాని ఎలుగు వెయ్యి రూపాయలల్ల ఏడు రూపాయలంత తగ్గుతది. గ్రహానికి మన లెక్క గాలి ఉంటే, ఆ గాలి తెచ్చే తేడా లక్ష రూపాయలల్ల పది రూపాయలు కూడా దాటుడు కష్టం. లక్షల పది రూపాయల లెక్క చెప్పాలంటే, ముందు ఆ లక్ష సరిగ్గ ఉండాలె గదా.

అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టుకుంటే సాలంటరు. చుక్క కాడ ఆ సామెత పనిచెయ్యది. గ్రహం దాటేది చుక్క మీద ఒక్క పట్టీ మీదికెల్లి. మచ్చలు ఇంకో దిక్కు ఉండొచ్చు. దాటిన పట్టీని మొత్తం చుక్కతోటి పోల్చినప్పుడు, చుక్కల ఉన్న తేడానే గ్రహం గాలి అన్నట్టు కనవడ్తది.

2023ల జీజే 486బి అనే గ్రహం కాడ ఇదే అయింది. 26 కాంతి సంవత్సరాల దూరంల ఉన్న ఆ రాతి గ్రహం కొలతలల్ల నీటి ఆవిరి జాడ కనవడ్డది. కాని ఆ పరిశోధకులు దండోరా వెయ్యలే. 'ఇది గ్రహం నీళ్లన్నా కావొచ్చు, చుక్క మచ్చలల్ల నీళ్లన్నా కావొచ్చు' అని వాళ్లే రాసిండ్రు. మండే చుక్క మీద నీళ్లేంది అంటరా? ఎర్రచుక్కలు సూర్యునికంటే చల్లగ ఉంటయి, వాటి మచ్చలు ఇంకా చల్లగ ఉంటయి. అక్కడ నీటి అణువు ఇరిగిపోకుండ బతుకుతది. మన సూర్యుని మచ్చలల్ల కూడా వేడి నీటి ఆవిరి ఉన్నదని 1995లనే కనుక్కున్నరు. తర్వాత ఆ గ్రహం వేడిని కొలిస్తే, దానికి మందమైన గాలిపొర లేదనే 2024ల తేలింది.

ట్రాపిస్ట్-1 కాడ కూడా అంతే. దాని మొదటి గ్రహం దాటుడు వెబ్ తోటి చూసి మాంట్రియల్ యూనివర్సిటీ బృందం 2023ల చెప్పిన మాట ఏందంటే, కొలతల ఎక్కువ కనవడ్డది గ్రహం కాదు, చుక్క మచ్చల గీతలే అని. అందుకే ఇప్పుడు గ్రహం దాటే టైం ఒక్కటే కాదు, దాటకముందు, దాటినంక కూడా చుక్క ఎలుగును కొలిచి, ఎంత మచ్చ ఉన్నది, మచ్చ ఎంత వేడి ఉన్నది అని లెక్క కడ్తున్నరు. చుక్క అతినీలలోహిత ఎలుగును హబుల్ టెలిస్కోపు తోటి ఇడిగ కొలుస్తున్నరు. భూమ్మీది నుంచి అది కుదరది, మన ఓజోన్ పొర ఆ ఎలుగును ఆపుతది. ఆ కొలత ఎందుకంటే, ఆ కిరణాలు గట్టిగ ఉంటే నీళ్లను, కార్బన్ డయాక్సైడ్‌ను ఇరగ్గొట్టి, ఏ జీవమూ లేకున్నా గాలిల ఆక్సిజన్ పుట్టించొచ్చు. చుక్క సంగతి తెల్వకుండ ఆక్సిజన్ చూసి 'చెట్లున్నయి' అంటే, మల్లో ఉత్తరం తప్పు అడ్రస్‌కు పోయినట్టే.

మన నుంచి ఏమున్నది?

హైదరాబాద్ల పెరిగి నిజాం కాలేజీల సదువుకున్న వైను బప్పు, అమెరికాల ఓలిన్ విల్సన్ తోటి కలిసి 1957ల ఒక సంగతి బయటపెట్టిండు. చుక్క వర్ణపటంల కాల్షియం గీత నడుమ మెరిసే భాగం ఎంత వెడల్పుంటే చుక్క అసలు ఎలుగు అంత ఎక్కువ అని. అదే కాల్షియం గీతలను ఇయ్యాల గ్రహాలు ఎతికేటోళ్లు 'ఈ చుక్క నిమ్మళంగ ఉన్నదా, అలజడిగ ఉన్నదా' అని చూసేటందుకు వాడుతున్నరు. మౌంట్ ఆబూల మన దేశపు పారస్ స్పెక్ట్రోగ్రాఫ్ తోటి కూడా వేరే చుక్కల గ్రహాలను పట్టిండ్రు.

గందుకే నేననేది ఒక్కటే. 2025 ఏప్రిల్‌ల కే2-18బి మీద జీవం జాడ అని వార్త వచ్చినప్పుడు మన దిక్కు ఛానెళ్లు ఒక్కరోజుల ఏలియన్ బొమ్మలు గీసినయి. అవే కొలతలను వేరే బృందాలు మల్ల లెక్కగట్టి, అంత గట్టి సాక్ష్యం లేదన్నయి. ఆ మాట ఎంతమంది ఫోన్లకు చేరింది? కొత్త గ్రహం వీడియో వచ్చినప్పుడు షేర్ కొట్టకముందు మూడు సంగతులు అడగాలె. చుక్కను కొలిచిండ్రా? ఎన్నిసార్లు దాటినప్పుడు చూసిండ్రు? వేరేటోళ్లు అదే లెక్క చేస్తే అదే తేలిందా?

ఇది శాస్త్రం మీద అనుమానం కాదు. తాము కనుక్కున్నదాన్ని తామే మల్ల తూకమేసుకునుడే శాస్త్రం. 581డి లేదని తేల్చినోళ్లు కొత్త టెలిస్కోపు కట్టలే, అందరికీ అందుబాటుల ఉన్న కొలతలనే వేరే ప్రశ్న అడిగిండ్రు. హబుల్, వెబ్ కొలతలు కూడా కొన్ని వెంటనే, కొన్ని ఏడాది లోపట ఇంటర్నెట్ల పైస లేకుండ దొరుకుతయి. డిగ్రీల ఫిజిక్స్ సదివే పిల్లగాండ్లకు ప్రాక్టికల్స్‌ల వర్ణపటం చూసే పరికరం ఉంటది. రికార్డు నింపి మార్కులు తెచ్చుకునేటందుకే అనుకోకుండ, దాంట్ల కనవడే గీత కాడ జర ఆగి చూడుండ్రి. గ్లీజ 581 కథ తేలింది అసొంటి ఒక్క గీత కాడనే.