చలికాలంలో మన వెదురు పొద

వంటశాల వెనక, ప్రహరీ పక్కనున్న వెదురు పొద ఇక్కడ చదివి వెళ్లిన అన్నలందరికీ గుర్తుండే ఉంటుంది. మూడేళ్ల క్రితం, మేము ఏడో తరగతిలో ఉండగా, అది దాదాపు చచ్చిపోయింది. తప్పు మాదే. పంద్రాగస్టు స్టేజీకని, అంచున చేతికి అందుతున్న కొత్త బొంగుల్ని నరికేశాం. మరుసటి ఏడు వానలకు రెండే కొమ్ములు లేచాయి. అవీ చేతికర్రంత సన్నవి. నరికిన బొంగులు సంక్రాంతి నాటికే పుచ్చి పిండి రాల్చాయి.

మాలో ఒకడి తాతగారు మేదర పని చేసేవారు. ఆదివారం మనవణ్ణి చూడ్డానికి వచ్చి పొద వంక చూసి, "పసిబిడ్డల్ని కొట్టేశారు కదరా" అన్నారు. ఇక్కడ రాసేది చాలావరకు ఆయన చెప్పిందే.

వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు కూడా. వానాకాలంలో నేలలోని దుంప నుంచి కొమ్ము లేచి, కొద్ది నెలల్లోనే పూర్తి ఎత్తు పెరుగుతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లున్నా ఎత్తూ లావూ పెరగదు, గట్టిపడుతుందంతే. ఆ కొత్త బొంగుల ఆకులు చేసే ఆహారమే దుంపలో చేరి వచ్చే ఏటి కొమ్ములకు అందుతుంది. మేము కొట్టేసింది దాన్నే.

చలిదేశాల్లో నేల గడ్డకట్టి వేళ్లకు నీరందక వెదురు ఎండిపోతుందట. అక్కడ గడ్డి కప్పి కాపాడతారు. మన తిరువూరులో మంచు గడ్డకట్టదు. ఇక్కడి బాధ దాహం. కార్తీకం దాటితే వానలుండవు. అందుకే కంచాలు కడిగిన నీళ్లను కాలువ తీసి పొద పాదులోకి మళ్లించాం. సబ్బు నీళ్లు మాత్రం అటు పోనివ్వం. మాఘంలో ఆకు పసుపు రంగుకు తిరిగి రాలుతుంటే కంగారు పడ్డాం గానీ, అది మామూలేనట. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకూడదు. మొదట్లోనే ఉంచితే తేమ నిలుస్తుంది, అదే ఎరువవుతుంది. (ఆవరణ శుభ్రం చేసే డ్యూటీ వాళ్లకు ఈ మాట పదిసార్లు చెప్పాల్సి వచ్చింది!) పశువుల ఎరువు చలికాలంలో వేయం, తొలకరికి వేస్తాం.

బొంగు కొట్టడానికి చలికాలమే మంచిది. అప్పుడు బొంగులో పిండిపదార్థం తక్కువ, పురుగు అంతగా పట్టదు. ఏది కొట్టాలో ఎలా తెలుస్తుంది? కణుపుల దగ్గర తెల్లటి పొడి, గోధుమ రంగు తొడుగులు ఉంటే అది ఈ ఏటిది. ముట్టుకోకూడదు. రంగు తగ్గి మచ్చలు పడి, తడితే ఖంగుమంటే మూడేళ్లు దాటినట్టు. ముదురువి పొద నడిమధ్య ఉంటాయి, కొత్తవి అంచుల్లో. కాబట్టి ఒక పక్క దారి చేసుకుని లోపలికి వెళ్లి కొట్టాలి. కష్టమే, చేతులు గీరుకుంటాయి. నేలకు జానెడు ఎత్తున, కణుపుకు సరిగ్గా పైన కోయాలి. కణుపు పైన గిన్నెలా మిగిలితే నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతుంది. కోసిన బొంగుల్ని కొన్ని వారాలు నీళ్లలో నానేసి, నీడలో ఆరబెట్టాలి.

పోయిన వానాకాలం తొమ్మిది కొమ్ములు లేచాయి. ఈ వార్షికోత్సవం పందిరికి పన్నెండు బొంగులు కావాలన్నారు. పొదంతా వెతికి ముదిరినవాటికి సున్నంతో గుర్తు పెడితే ఐదు తేలాయి. మిగతా ఏడూ బజారులో అద్దెకు తెచ్చాం.