విష్ణుక్రాంత - దింటెన : వస్తునిర్ణయము

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములఁ బెరటికంచెలపై నల్లుకొను శంఖుపూఁదీఁగకు నిఘంటువులందు దింటెన యని పేరు. అమరసింహుఁడు గిరికర్ణికిని, అపరాజితకును విష్ణుక్రాంతను పర్యాయముగాఁ జెప్పెను. లోకవ్యవహారమున విష్ణుక్రాంత మనఁగా మెట్టనేలలఁ బ్రాఁకు వేఱొక చిన్నమొక్క. వినాయకచతుర్థినాఁటి 21 పత్రులలో విష్ణుక్రాంతపత్రము గలదు గావున నీ భేదము నెఱుంగుట యావశ్యకము.

విష్ణునా క్రాంతా యని తృతీయాతత్పురుషము. ఈ విగ్రహము రెంటికిని సమానముగా నన్వయించును. కావున వ్యుత్పత్తిచే వస్తువు తేలదు, లక్షణములఁ జూడవలయును.

దింటెన యాధారమును జుట్టుకొని పైకిఁ బ్రాఁకును. ఆకునకు సాధారణముగా 5 లేక 7 చిట్టాకులు. పూవు తలక్రిందుగా నుండును. పెద్దరేకు అడుగున విప్పారును. కాయ చిక్కుడువలె బల్లపరుపు. విష్ణుక్రాంతము నేలను విడువదు, దాని యాకులు చిన్నవి, చిట్టాకులు లేనివి, నూఁగుగలవి, పూవు గుండ్రని చిన్న నీలిబిళ్ళ, కాయయు గుండ్రనిది. లిన్నేయసు 1753లో దింటెనకు క్లిటోరియా టెర్నేటియా యని పేరిడెను. రెండవది ఎవాల్వ్యులసు ఆల్సినాయిడీసు. అది చిక్కుడు కుటుంబమునది. ఇది తూఁటికూర కుటుంబమునది.

తోఁటలలోని దింటెన నీలము, తెలుపు, ముద్ద యని పలుతెఱఁగులు. ముద్దపూవునందుఁ దక్కిన రేకులును బెద్దరేకువలె విరియును. ఆకును గాయయు నొక్కటియే యగుటచే నివి వేఱుజాతులు కావు.

కోశమును బట్టినచో దింటెనాకు, వ్యవహారమును బట్టినచో నేలమొక్క పత్రి యగును. ఔషధమున మాత్ర మొకదానికి మాఱుగా వేఱొకటి కూడదు. కావున అమరము చెప్పువారు పర్యాయముల నప్పగింపించుటతో నాఁపక, రెండుమొక్కలను బాలురకుఁ జూపుట మేలు.