రెక్టరీ నుంచి కచేరి దాకా: మతాచార్య నివాసాల వాస్తురూపం – దుమ్ముగూడెం నేపథ్యం

కీలక పదాలు: రెక్టరీ, మిషన్ బంగళా, అరుగు, కచేరి, దుమ్ముగూడెం.

ఆంగ్లదేశపు గ్రామాల్లో చర్చి మతాచార్యుడు నివసించే ఇంటిని రెక్టరీ అంటారు. పారిష్ పంటలో దశమభాగం పూర్తిగా పొందే ఆచార్యుడు రెక్టరు. అందులో కొంతే దక్కేవాడు వికారు. పదవితోపాటు సాగుభూమి కూడా సంక్రమించేది. మన అర్చకుల మాన్యాన్ని తలపించే ఏర్పాటిది. అందువల్ల రెక్టరీ కేవలం కుటుంబ నివాసం కాదు. ధాన్యపు లెక్కలు, పేదల విన్నపాలు, ఊరి తగవులు అక్కడికే చేరేవి. పదవీ ఆదాయాన్ని తాకట్టు పెట్టి ఇల్లు కట్టుకోవడానికి, బాగుచేసుకోవడానికి 1776 నాటి గిల్బర్ట్ చట్టం వీలు కల్పించింది.

ఈ ద్వంద్వ స్వభావం ఇంటి పటంలోనే కనిపిస్తుంది. ఆచార్యుని పఠనమందిరం సాధారణంగా ముఖద్వారానికి దగ్గరగా ఉంటుంది. వచ్చినవారు కుటుంబసభ్యుల గదుల్లోకి వెళ్ళకుండానే పని ముగించుకొని వెళ్ళవచ్చు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ పెద్ద ఇళ్ళ నిర్వహణ భారమై చర్చి అనేకం అమ్మివేసింది. వాటిలో కొన్ని కార్యాలయాలయ్యాయి. పఠనమందిరానికి ఆ మార్పు కొత్తది కాదు. చిక్కంతా పెద్ద గదులతోనే వస్తుంది. భోజనశాలను అడ్డుగోడతో రెండు చేస్తే పైకప్పు అంచున ఉన్న గార అలంకరణ మధ్యలో తెగిపోతుంది. నిప్పుగూడు ఒక గదికే మిగులుతుంది. కుటుంబ భారానికి వేసిన కొయ్య అంతస్తు దస్త్రాల బీరువాల బరువును మోయగలదో లేదో చూడవలసి ఉంటుంది. రక్షిత జాబితాలో చేరిన కట్టడమైతే దాని విశిష్టతను మార్చే పనులకు ముందుగా అనుమతి తప్పనిసరి.

భద్రాచలం మన్యంలో రెక్టరీ అనదగిన వ్యవస్థ లేదు. దశమభాగమూ లేదు, పారిష్ మాన్యమూ లేదు. ఇక్కడి మతాచార్యుడు మిషనరీ సంఘం జీతంపై బతికేవాడు. కనుక మిషన్ బంగళాను రెక్టరీకి నకలుగా భావించడం పొరపాటు. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెం చరిత్ర ఇందుకు నిదర్శనం. ఎగువ గోదావరిని పడవల రాకపోకలకు అనువుగా మార్చాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచనలో భాగంగా అక్కడ ఆనకట్ట, లాకులు, కాలువ రూపొందాయి. ఆ పనుల్లో ఉన్న ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతోనే కోయల మధ్య మిషన్ మొదలైంది. 1871లో నౌకాయాన పథకం ఆగిపోయింది. మిషన్ మాత్రం నిలిచింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాలపై రాసిన వ్యాసాలు 1870లలో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వెలువడ్డాయి. కోయల ఆచారాల గురించి రాసిన థర్‌స్టన్ ఆయన రాతలను విస్తారంగా వాడుకొన్నాడు. అంటే మిషనరీ గది ప్రార్థనకే కాక పరిశోధనకూ నెలవైంది.

బంగళా నిర్మాణసూత్రం వేరు. ఎత్తైన పునాది, నడుమ హాలు, దానికి ఇరువైపులా గదులు, చుట్టూ వరండా, విడిగా వంటిల్లు దాని సామాన్య రూపం. ఆంగ్ల రెక్టరీ వేడిని నిలుపుకోవడానికి ప్రయత్నిస్తే, బంగళా దాన్ని బయటికి పంపుతుంది. రెక్టరీలో పఠనమందిరం చేసే పనిని ఇక్కడ వరండా చేస్తుంది. తెలుగువారికి ఇది పరిచితమే. 1984లో ఆ పదవి రద్దయ్యేదాకా అనేక గ్రామాల్లో కరణంగారి ఇంటి అరుగే ఊరి కచేరి.

ఇటువంటి బంగళా కార్యాలయమైనప్పుడు మొదటి వేటు వరండాపైనే పడుతుంది. అదనపు గదుల కోసం స్తంభాల మధ్య ఇటుకగోడ కడతారు. దాంతో నడిమి హాలుకు అందే గాలి, వెలుతురు సన్నగిల్లుతాయి; నేరుగా తగిలే ఎండవానల నుంచి లోపలి గోడకున్న రక్షణ బయటి కొత్త గోడకు ఉండదు. అర్జీతో వచ్చిన మనిషి నిలబడే నీడ కూడా అక్కడితో పోతుంది. స్తంభాలను అలాగే ఉంచి, దస్త్రాల గదిని పాత వంటింటి వైపు విడిగా కట్టుకోవడం ఇంతకంటె తక్కువ నష్టం కలిగించే మార్గం.