పిత్తనాళ శస్త్రచికిత్సయు తరువాతి జాగ్రత్తయు

కాలేయమున నిత్యము ఊరు పైత్యరసము సన్నని నాళముగుండ చిన్నప్రేవులోనికి దిగి, క్రొవ్వుపదార్థముల జీర్ణమునకు తోడ్పడును. కొందఱు శిశువులకు ఈ నాళము పుట్టుకతోనే తిత్తివలె ఉబ్బియుండును. ఈ వ్యాధి ఆసియాఖండమున హెచ్చు. బాలురకంటె బాలికలకు మఱింత హెచ్చు. కడుపునొప్పి, కామెర్లు, కడుపులో గడ్డ దీని లక్షణములు.

శస్త్రవైద్యులు ఉబ్బిన భాగమును తొలగించి, చిన్నప్రేవునుండి ఒక పాయను పైకి తెచ్చి, కాలేయమునుండి వచ్చు నాళమునకు కుట్టుదురు. ధవళేశ్వరము ఆనకట్ట క్రింది కాలువల నెఱిగిన మన విద్యార్థులకు ఇది సులభగ్రాహ్యము: చెడిన కాలువకు మాఱుగా క్రొత్తకాలువను త్రవ్వి కలిపినట్లే. పూర్వము ఇందులకై ఉదరమును వెడల్పుగా కోయుచుండిరి. 1995లో ఇటలీదేశపు వైద్యుడు ఫారెల్లో, చిన్నరంధ్రములగుండ దీపముగల గొట్టమును, సన్నని పనిముట్లను చొప్పించి ఆఱేండ్ల బాలికకు ఈ చికిత్స చేసిన విధమును ప్రకటించెను. ఈ పద్ధతికి లాపరోస్కోపీ యని పేరు.

అయితే క్రొత్తకాలువకు అతుకుచోటే బలహీనస్థానము. మొదటి దినములలో అచట పైత్యరసము కారవచ్చును. నెలలకో, ఏండ్లకో అతుకు ఇఱుకై, రసము నిలిచి, ఒండ్రు పేరినట్లు రాళ్లేర్పడవచ్చును; సూక్ష్మజీవులు చేరి చలిజ్వరము పుట్టవచ్చును. ప్రేవులు ఒకదానికొకటి అంటుకొని దారి మూయవచ్చును.

కారుట కొన్నిమార్లు గొట్టము నుంచి రసమును బయటికి తీయుటచేతనే మానును. ఇఱుకైన అతుకును చర్మముగుండ పంపిన చిన్నబుడగతో విప్పవచ్చును. అట్లు కానిచో మరల శస్త్రచికిత్స చేసి, రాళ్లను తీసి, అతుకును వెడల్పుగా కుట్టవలెను. అనుభవజ్ఞులు నేడు దీనినిగూడ చిన్నరంధ్రములగుండనే చేయగలుగుచున్నారు. లోపలి అవయవములు అంటుకొని స్పష్టముగా కానరానిచో ఉదరమును కోయుట వివేకమేగాని ఓటమి కాదు.

గాయము మానిన బిడ్డ ఆటపాటలలో తోడివారికి తీసిపోడు. కావుననే తల్లిదండ్రులు ఏటేట చేయింపవలసిన పరీక్షను మఱచుచుందురు. మఱియు మన పల్లెలలో కామెర్లనగానే పసరు పోయించుట వాడుక. మూసికొనిన అతుకును ఏ పసరును తెఱవజాలదు. శస్త్రచికిత్సయైన బిడ్డకు చలిజ్వరము, కన్నుల పసిమి, తెల్లని మలము, ఆకుపచ్చని వాంతి, వీనిలో ఏది కనబడినను, పాతకాగితములతో మొదటి వైద్యునికడకు కొనిపోవలెను. ఆయన దూరముననున్నచో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికైనను ఆ దినముననే చేర్పవలెను. ఆలస్యమైనకొలది చెడునది కాలేయము.