సోషియాలజీ చదువుకు వడ్డీ ఎవరు కడుతున్నారు?

ఆత్మకూరులో కూలి పనుల మీద బతికే ఎస్సీ కుటుంబంలో ఒక అమ్మాయి బీఏ పూర్తిచేసి, ఎంఏ సోషియాలజీకి పోతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "అది సదివితే ఏం ఉద్యోగం వస్తాదమ్మా?" ఈ ప్రశ్నను మనం చిన్నచూపు చూస్తుంటాం. చదువు విలువ తెలియక అడుగుతున్నారనుకుంటాం. నిజానికి రెండేళ్లు ఒక మనిషి సంపాదన ఆగిపోతే ఇల్లు ఎట్లా గడుస్తుందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లు అడిగిన లెక్కనే మేము ఇక్కడ వేసి చూస్తున్నాం.

ముందు రాబడి సంగతి. సోషియాలజీలో పైమెట్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం. యూజీసీ స్కేలులో మూలవేతనమే 57,700 రూపాయలు. కానీ ఆ మెట్టు ఎక్కడానికి నెట్, పీహెచ్‌డీ, ఆపైన నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టులకు 2023 అక్టోబరులో వచ్చిన ప్రకటనలు ఎట్లా ఆగిపోయాయో అందరికీ తెలిసిందే. మధ్యలో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000. అదీ రాకపోతే గంటల లెక్కన గెస్ట్ పాఠాలు, ఎన్జీవోల సర్వే పనులు, లేదా ఏ డిగ్రీతోనైనా రాయగల పరీక్షలు. 2019లో సచివాలయ ఉద్యోగాలు వచ్చినప్పుడు ప్రొబేషన్‌లో ఇచ్చింది నెలకు 15,000. మన పిల్లల్లో ఎక్కువమంది ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటారు.

ఇక ఖర్చు. కాగితం మీద చూస్తే ఎస్సీ విద్యార్థికి ఫీజు భారం లేదు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అయితే 2020 డిసెంబరు 25న వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లను ఈ పథకం నుంచి తప్పించింది. ఊరికి దగ్గర్లో ఉన్న ప్రైవేటు కాలేజీలో చేరి, రోజూ బస్సులో పోయి వచ్చే దారిని ఆ జీవో మూసేసింది. ఇక మిగిలింది అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయమో. ఎక్కడికి పోయినా హాస్టల్, మెస్ బిల్లు తప్పవు.

మరి బ్యాంకు అప్పు? 4 లక్షల వరకు హామీ లేకుండా విద్యారుణం ఇవ్వాలని బ్యాంకుల నమూనా పథకం చెబుతుంది. కానీ చదువుకునే కాలానికి వడ్డీ కట్టే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ 2009లో మొదలైనప్పటి నుంచీ వృత్తి, సాంకేతిక కోర్సులకే. సోషియాలజీ అందులో లేదు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితం. మెస్ బిల్లు కట్టడానికి నెలకు నాలుగు వేలు ఏ బ్యాంకు ఇస్తుంది? కాబట్టి అప్పు ఊళ్లోనే పుడుతుంది, నూటికి రెండో మూడో రూపాయల వడ్డీకి.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మెస్‌కూ పై ఖర్చులకూ నెలకు 4,000 అనుకుందాం. స్కాలర్‌షిప్ పది నెలలు ఆలస్యమైంది. ప్రతి నెలా మొదట్లో 4,000 చొప్పున మూడు రూపాయల వడ్డీకి తెస్తే, పదో నెల చివరికి అసలు 40,000, వడ్డీ 6,600. ప్రభుత్వం చివరికి పైసా తగ్గించకుండా మొత్తం ఇచ్చినా ఆ 6,600 ఎవరూ ఇవ్వరు. బకాయి ప్రభుత్వానిది, వడ్డీ మాత్రం అమ్మానాన్నలది. ఏ పథకం లెక్కలోనూ ఈ పద్దు కనిపించదు. ఆ వడ్డీ తీర్చడానికే కొన్ని ఇళ్లల్లో ఇంకో మనిషి మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోవాల్సి వస్తుంది.

పరిశోధనకు వచ్చాక ఇది తీరుతుందనుకుంటే పొరపాటు. మాకు నెలనెలా రావాల్సిన ఫెలోషిప్ నాలుగైదు నెలలకు ఒకసారి పడేది. మధ్యలో సీనియర్ల దగ్గర చేబదుళ్లు. డబ్బు పడిన రోజే సగం చేతులు మారిపోయేది. రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయే ముందు రాసిన లేఖ గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. నక్షత్రాల గురించిన మాటలు అందరికీ గుర్తున్నాయి. అదే లేఖలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ 1,75,000 లెక్క ఉంది. ఒక మిత్రుడికి తాను తీర్చాల్సిన సుమారు 40,000 అప్పు కూడా ఉంది. సోషల్ సైన్సెస్‌లో చదివే దళిత విద్యార్థి ఆదాయం, అప్పు ఎట్లా ముడిపడి ఉంటాయో చెప్పడానికి ఆ రెండు అంకెలు చాలు.

అంబేద్కర్ చదువు కూడా ఉచితంగా రాలేదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియాకు వెళ్లారు. అక్కడ చదివిన వాటిలో సోషియాలజీ కూడా ఉంది. బదులుగా పదేళ్లు బరోడాలో కొలువు చేస్తానని ఒప్పందం రాయాల్సి వచ్చింది. తిరిగొచ్చి ఉద్యోగంలో చేరితే ఆ ఊళ్లో అద్దెకు గది దొరకలేదు. ఒప్పందం రాయించుకున్నవాళ్లు కులాన్ని లెక్కలో వేసుకోలేదు, కానీ ఆ భారం పడింది ఆయన మీదే.

కాబట్టి "సోషియాలజీ చదివితే లాభమా?" అన్న ప్రశ్నకు కోర్సును చూసి మాత్రమే జవాబు చెప్పలేం. అదే కోర్సు, అదే హాస్టల్. ఇంటి నుంచి నెలకు ఐదు వేలు పంపగలిగిన విద్యార్థికి అది మామూలు డిగ్రీ. పంపలేని ఇంటికి వడ్డీతో కూడిన డిగ్రీ. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్ పెంచాలని అడుగుతున్నాయి, అడగాలి కూడా. దాంతోపాటు చెల్లింపు తేదీ అడగాలి. ఆ తేదీ దాటితే వడ్డీ ప్రభుత్వమే భరించాలని అడగాలి. కరెంటు బిల్లు ఆలస్యంగా కడితే మన దగ్గర అపరాధ రుసుము తీసుకునే ప్రభుత్వానికి ఇదేమీ కొత్త లెక్క కాదు.

ఆత్మకూరు నుంచి బయల్దేరే అమ్మాయి చేరేముందు హాస్టల్ సీనియర్లను నాలుగు సంగతులు అడగాలి. కిందటేడు స్కాలర్‌షిప్ ఎన్ని నెలలు ఆలస్యమైంది? అది వచ్చేదాకా మెస్ బిల్లుకు ఆగుతారా? బకాయి ఉంటే పరీక్ష ఫీజు కట్టించుకుంటారా? సర్టిఫికెట్లు ఆపుతారా? చేరేటప్పుడు చూపించిన ఒరిజినల్ సర్టిఫికెట్లు విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ నోటిఫికేషన్ ప్రతి ఒకటి సంచిలో పెట్టుకుని పోతే మంచిది.