కార్యాలయ సందేశములు - గుర్తుల వాడుక

తుఫాను పొంచియున్న వేళ రేవు స్తంభముపై పగలు శంకువులను, పీపా ఆకారపు గుర్తులను, రాత్రి ఎర్రని, తెల్లని దీపములను ఎత్తుట మన రేవులలో పాత ఆచారము. బందరు తీరమున సముద్రమును నమ్ముకొని బ్రదుకువారికి వాని విలువ తెలియును. ఆ గుర్తులు కొన్నియే. ఒక్కొక్క అమరికకు ఒక్కటే అర్థము. అందుచేతనే అవి అక్కరకు వచ్చినవి. నేడు కార్యాలయములలో పని చేయువారు వాట్సాపులో పంపుకొను సందేశములకును ఇట్టి గుర్తులు కొన్ని కలవు.

వాని వాడుక సులభము. మాటకు ముందును వెనుకను నక్షత్రపు గుర్తు (*) ఉంచినచో అది బొద్దక్షరములలో కనబడును. అడుగు గీత (_) ఉంచినచో అక్షరములు వాలును. అలగీత (~) ఉంచినచో మాటపై కొట్టివేత పడును. ఈ మూడును 2016లో వచ్చినవి. వరుస సంఖ్యల పట్టికలు, చుక్కల పట్టికలు 2024లో చేరినవి. గుర్తునకును మాటకును నడుమ ఖాళీ విడువరాదు. విడిచినచో నక్షత్రము నక్షత్రముగానే మిగిలిపోవును.

అయితే, ఏ మాటను బొద్దు చేయవలెను? 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. ఆ నీరు దివిసీమను చుట్టియే సముద్రమునకు పోవలెను. అట్టి దినములలో ‘మొదటి ప్రమాద హెచ్చరిక’, ‘రెండవ ప్రమాద హెచ్చరిక’ అనువానికి భేదము ఒక్క మాటయే. బొద్దు చేయవలసినది ఆ ఒక్క మాటను. సందేశమునంతయు బొద్దు చేయుట, ఇంటిల్లిపాదియు ఒక్కసారి కేకలు వేయుట వంటిది; ఎవరి మాటయు వినబడదు. వాలు అక్షరములు మన లిపికి సహజములు కావు. వత్తులు, గుడులు గల మాటలు చిన్న తెరపై వాలినచో చదువుట కష్టము. తెలుగునకు బొద్దు ఒక్కటి చాలును.

కొట్టివేత విషయమున మరింత జాగ్రత్త వలయును. నాగాయలంకకు బియ్యము ఉదయము 6 గంటలకు చేరవలెనని గుడివాడ నుండి ఒక సందేశము వెళ్లినదనుకొందము. పిదప ఆ వేళ 4 గంటలకు మారినది. 6ను కొట్టివేసి ప్రక్కన 4 వ్రాసిన సందేశమును ఒకరు మైకులో చదివినచో, కొట్టివేత వినబడదు. రెండు వేళలును వినబడును. కనుక ‘వేళ మారినది. 6 గంటలు కాదు, 4 గంటలు’ అని మాటలలోనే చెప్పవలెను. పంపిన 15 నిమిషముల లోపల సందేశమును దిద్దుకొను వీలు 2023 నుండి కలదు. కాని అప్పటికే చదివినవారు మరల చూడకపోవచ్చును. మార్పు ముఖ్యమైనచో క్రొత్త సందేశము పంపుటయే మేలు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మరువని సీమ ఇది. ఇచట హెచ్చరిక అందుట ఒక యెత్తు. అది తప్పు లేక బోధపడుట మరియొక యెత్తు. గుర్తు కంటికి తోడు మాత్రమే. అర్థమును మోయవలసినది మాట. అందుచేత పంపుటకు ముందు సందేశమును ఒకసారి పైకి చదువుకొనుడు. గుర్తులు కనబడని వానికిని అది తెలియవలెను. చెవికి తెలిసినచో కంటికి తప్పక తెలియును.